చేపకు ఎంత? డబ్బాకు ఎంత?

న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్ళను అడిగితే డబ్బా చేప చవక, పచ్చి చేప ఖరీదు అంటారు. అక్కడ డాలరుకో రెండు డాలర్లకో ట్యూనా డబ్బా వచ్చేస్తుంది. అదే ట్యూనాను తాజాగా ముక్క కోయించుకోవాలంటే జేబు తడుముకోవాలి. విశాఖపట్నం శివారు కూర్మన్నపాలెంలో ఈ లెక్క తిరగబడుతుంది. కూడలి దగ్గర రోడ్డు వార బేసిన్లలో పెట్టుకుని అమ్మే కానాగంతలు కిలో కొనే డబ్బుకి, సూపర్ మార్కెట్ అరలో 185 గ్రాముల డబ్బా ఒక్కటి వస్తే గొప్ప. కానాగంత, ట్యూనా (మన సూర చేప) ఒకే కుటుంబానికి చెందినవి. అయినా ఒక దేశంలో డబ్బా కింద ఉంటే ఇంకో దేశంలో డబ్బా పైన ఉంది.

చేప రేటు అని మనం చెల్లించే దాంట్లో చేప వాటా తక్కువ. తాజా చేపకు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం గడియారంతో పరుగు పందానికి పోతుంది. డబ్బా చేపకు ఇచ్చే డబ్బు రేకుకూ వేడికీ పోతుంది. ఆ పరుగు ఎక్కడ చవగ్గా జరుగుతుందో, ఆ రేకు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ముందు పరుగు సంగతి. కానాగంత చచ్చిపోయాక కూడా దాని కండలో రసాయనాలు ఊరుకోవు. శక్తి నిల్వ ఉండే ఏటీపీ అనే పదార్థం మెట్టు మెట్టుగా విరుగుతుంది. నడిమి మెట్టులో పుట్టే ఐనోసినేట్ నాలుకకి కమ్మగా తగులుతుంది. తాజా చేపల పులుసు రుచిలో దాని పాత్ర పెద్దది. అది కూడా విరిగి హైపోజాంథిన్ దాకా వచ్చేసరికి చిరుచేదు మొదలవుతుంది. ఈలోగా పేగుల్లోని ఎంజైములు పొట్ట గోడనే అరిగించేస్తాయి. బేసిన్లో కవ్వలు (సార్డీన్లు) పొట్ట పగిలి కనిపించేది అందుకే. ఇక సముద్రపు చేప కండలో, ఉప్పునీటికి తట్టుకోడానికి ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనేది ఉంటుంది. దానికి వాసనే లేదు. మొప్పల మీదా చర్మం మీదా ఉన్న బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మార్చినప్పుడు వచ్చేదే మనం ముక్కు మూసుకునే నీచు వాసన. అసలు తాజాగా ఉన్న చేపకి సముద్రపు నాచు వాసన తప్ప మరేమీ ఉండదు.

ఈ పనులన్నిటి వేగాన్నీ ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. చల్లని సముద్రాల చేపల మీద పరిశోధకులు కట్టిన ఒక సూత్రం ప్రకారం, సున్నా డిగ్రీల దగ్గర చేప పాడయ్యే వేగం ఒకటి అనుకుంటే 10 డిగ్రీల దగ్గర అది నాలుగు రెట్లు, 20 దగ్గర తొమ్మిది రెట్లు, 30 దగ్గర పదహారు రెట్లు. మన వేడి నీళ్ళ చేపల విషయంలో అంకెలు కొంత మారతాయి గాని దారి అదే. విశాఖలో మే నెల ఉదయం తొమ్మిదికే 30 దాటుతుంది. అంటే మంచు లేని బేసిన్లో ఒక గంట, మంచులో పదహారు గంటలతో సమానం.

అందుకే మంచు. కిలో మంచు కరగాలంటే 334 కిలోజౌళ్ళ వేడి పీల్చుకోవాలి. కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకి దించడానికి లాగేయవలసింది సుమారు 105 కిలోజౌళ్ళే. కాగితం మీద కిలో చేపకి మూడోవంతు కిలో మంచు కూడా అక్కర్లేదు. బోట్లలో మాత్రం కిలోకి కిలో లెక్కన వేస్తారు. మిగతా మంచంతా పెట్టె గోడల్లోంచి చొరబడే ఎండతో పోరాడి కరిగిపోతుంది. ఆ నీటికి కూడా మనమే డబ్బిస్తున్నాం.

ఇక్కడ 'తాజా' అన్నది ఒకటే రకం కాదు. గంగవరం, అప్పికొండ వైపు నుంచి ఫైబర్ బోట్ల మీద వెళ్ళి అదే రోజు తిరిగొచ్చే సరుకు ఒకటి. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి పెద్ద మరబోట్లు మంచు నింపుకుని వారం, పది రోజులు సముద్రంలో తిరిగి తెచ్చేది ఇంకొకటి. రెండోదాంట్లో అడుగున ఉన్న చేప పట్టి వారం దాటి ఉండొచ్చు. మంచు బాగా వేసి ఉంటే అది చెడిపోయినట్టు కాదు, కానీ రుచిలో తేడా నాలుకకి తెలుస్తుంది. కొనేవాళ్ళు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, కన్ను ఉబ్బి ఉందా లోపలికి పోయిందా అని చూస్తారు, వేలితో నొక్కి గుంట పడుతుందేమో చూస్తారు. ప్రయోగశాలలో ఏటీపీ ఎంత విరిగిందో కొలిచి చెప్పేదాన్నే ఇక్కడ బొటనవేలితో తేల్చేస్తారు.

హార్బర్ నుంచి కూర్మన్నపాలెం 20 కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున వేలంలో తట్ట పాడుకున్న ఆడవాళ్ళు నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుని వస్తారు. సిల్వర్ బేసిన్, పైన తడి గోనె, పక్కన కత్తిపీట, ఒక బకెట్టు నీళ్ళు. కొట్టు అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, తాజా చేపకి జీఎస్టీ లేదు. “ఏటి బాబూ, అలా సూసి ఎల్లిపోతన్నావు? పొద్దున్న దిగిన సరుకు!” అన్న పిలుపులో ఎనిమిది గంటలకి ఉన్న ధీమా పదకొండుకి ఉండదు. రేటు గంట గంటకీ దిగుతుంది. మిగిలిపోయింది ఎండబెట్టుకోవాలి, లేకపోతే అయినకాడికి ఇచ్చేయాలి. ఆ నష్టం భయం ఉదయపు రేటులోనే కలిసి ఉంటుంది. చేప తూచి, పొలుసు గీకి, ముక్కలు కోసి ఇచ్చే పనికి ఆమె తీసుకునేది పది, ఇరవై రూపాయలు. న్యూజెర్సీలో ఆ పని చేసే మనిషికి గంట జీతం, కొట్టుకి అద్దె, అద్దాల ఫ్రిజ్‌కి కరెంటు, అమ్ముడుపోక పారేసిన ముక్కల ఖర్చు, అన్నీ ఆ ముక్క మీదే పడతాయి. మన దగ్గర తాజా చేప చవక అంటున్నామంటే, ఆ ఎండలో కూర్చున్న మనిషి కష్టం చవగ్గా దొరుకుతోందని కూడా ఒప్పుకోవాలి.

తాజా చేప రేటుకి పంచాంగంతో కూడా సంబంధం ఉంది. ఆదివారం ఎక్కుతుంది, శనివారం మెత్తబడుతుంది. కార్తీక మాసంలో నీచు మానేసేవాళ్ళ వల్ల రేటు పడిపోతుంది. డబ్బాకి ఇవేమీ పట్టవు. దాని మీద ఎంఆర్‌పీ అచ్చు వేసి ఉంటుంది, బేరం లేదు.

కానాగంత పేరు ఎత్తాం కనుక ఒక మాట. పాట్రిక్ రస్సెల్ అనే స్కాటిష్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండగా ఇక్కడి జాలర్లు తెచ్చిన చేపలకి బొమ్మలు గీయించి, స్థానిక పేర్లతో సహా వివరాలు రాసుకున్నాడు. ఆ రెండు వందల చేపల పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. దాని ఆధారంగానే ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఈ చేపకి శాస్త్రీయ నామం పెట్టాడు. నేటికీ ప్రపంచమంతటా దాని పేరు రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా. థాయ్‌లాండ్ డబ్బా మీద ఈ పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అది మన రేవులో పుట్టిన పేరే.

ఇప్పుడు డబ్బా దగ్గరికి వద్దాం. రస్సెల్ పుస్తకం వచ్చిన కాలంలోనే ఫ్రాన్సులో నికొలా అపేర్ అనే మిఠాయిల వంటవాడు ఆహారాన్ని గాజు సీసాల్లో బిగించి, మరిగే నీళ్ళలో ఉంచి నెలల తరబడి నిల్వ చేయడం సాధించాడు. అందుకు 1810లో ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకులు బహుమతి ఇచ్చింది. అదే ఏడాది ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకి పేటెంటు తీసుకున్నాడు. 1813 నాటికి డబ్బాల ఫ్యాక్టరీ వచ్చింది. ఆహారం ఎందుకు చెడిపోవడం లేదో మాత్రం అపేర్‌కి తెలియదు. పాస్టర్ వచ్చి సూక్ష్మజీవుల సంగతి చెప్పడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది.

సూక్ష్మజీవుల్లో డబ్బా తయారీదారుకి నిద్ర పట్టనివ్వనిది క్లోస్ట్రీడియం బోట్యులినమ్. గాలి తగలని చోటే అది పెరుగుతుంది, డబ్బాలో గాలి ఉండదు. అది విడిచే విషం అతి స్వల్ప మోతాదులోనే మనిషిని చంపగలదు. దాని బీజాలు మరిగే నీళ్ళలో గంటల తరబడి ఉన్నా చావవు. వంద డిగ్రీలు సరిపోవు గనక 121 డిగ్రీలు కావాలి. నీళ్ళు ఆ వేడికి రావాలంటే ఒత్తిడి పెంచాలి. మన వంటింటి కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఉండేది దాదాపు ఇదే వేడి. ఫ్యాక్టరీలో రిటార్ట్ అనే యంత్రం అటువంటిదే, వందలాది డబ్బాలు పట్టే పెద్ద కుక్కర్. డబ్బాలో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటు, నట్టనడుమ, 121 డిగ్రీల దగ్గర సుమారు మూడు నిమిషాలు గడవాలి. అప్పుడు లక్ష కోటి బీజాలుంటే ఒక్కటి మిగులుతుంది. చేపకి జాగ్రత్త కోసం ఇంకా ఎక్కువ సేపే ఉంచుతారు. వేడి చేప ముక్కల గుండా మెల్లగా పాకుతుంది గనక నడుమ మూడు నిమిషాలు గడవడానికి బయట గంట దాకా పట్టొచ్చు. ఆ గంటా బాయిలర్‌కి ఇంధనం మండుతూనే ఉండాలి.

తర్వాత శుభ్రమైన, క్లోరిన్ కలిపిన నీళ్ళతో చల్లార్చాలి. చల్లారేటప్పుడు లోపల శూన్యం ఏర్పడి, మూత అతుకులోంచి చుక్క నీరు పీల్చుకున్నా అంతా వృథా. అందుకే మూత అంచునీ డబ్బా అంచునీ ఒకదాన్లో ఒకటి మడిచి రెండుసార్లు నొక్కుతారు. తర్వాత కొన్ని డబ్బాల్ని వెచ్చని గదిలో రెండు వారాల దాకా ఉంచి ఉబ్బుతాయేమో చూస్తారు. అప్పటిదాకా పెట్టుబడి గోడౌన్లో కూర్చుంటుంది, వడ్డీ మాత్రం నడుస్తుంది.

ఒక డబ్బాని కోసి, కడిగి, వెలుతురులో పెట్టి చూడండి. లోపలి గోడ బంగారు రంగులోనో తెల్లగానో ఉంటుంది. అది లక్క పూత వంటిది. చేప ప్రొటీన్లలో గంధకం ఉంది. వేడికి అది హైడ్రోజన్ సల్ఫైడ్‌గా విడుదలై రేకుతో కలిస్తే నల్లటి మచ్చలు పడతాయి. తింటే ప్రమాదం ఉండదు గాని, నల్లబడిన డబ్బా చూసి ఎవరు తింటారు? ఆ పూత అడుగున తగరం పొర, మైక్రాన్ అటూ ఇటూ మందం మాత్రమే. దాని అడుగున అసలు సరుకు, మిల్లీమీటరులో ఐదో వంతు మందం ఉన్న ఉక్కు రేకు.

ఉక్కు అనగానే కూర్మన్నపాలెం వాళ్ళు తల ఎత్తుతారు. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం ఊరి పక్కనే ఉంది. దాన్ని ప్రైవేటుపరం కాకుండా కాపాడుకోడానికి 2021 ఫిబ్రవరిలో దీక్షా శిబిరం వెలిసింది ఈ కూడలిలోనే. కానీ ఈ ప్లాంటు తయారుచేసేది పొడుగు సరుకు: ఇళ్ళకి వాడే కడ్డీలు, తీగ చుట్టలు, నిర్మాణాల దూలాలు. డబ్బాకి కావాల్సింది రేకు. ఉక్కు దిమ్మెను వేడిగా రోలింగ్ చేసి, చల్లబరిచి మళ్ళీ రోలింగ్ చేసి, ఐదో వంతు మిల్లీమీటరుకి దింపి, విద్యుత్తుతో తగరం పూయాలి. ఆ విద్య దేశంలో కొద్ది చోట్లే ఉంది. జంషెడ్‌పూర్‌లోని గోల్మురిలో 1920లో మొదలైన తగరపు రేకుల కంపెనీ పెట్టిన ఫ్యాక్టరీ వాటిలో పేరున్నది. అవసరంలో కొంత భాగం విదేశాల నుంచి రావాల్సిందే. పక్కనే కొలిమి మండుతున్నా, ఇక్కడ చేపకి రేకు బయటి నుంచే రావాలి.

ఇక డబ్బాలో చేప విలువెంత? లెక్క కోసం కానాగంత కిలో 200 రూపాయలనుకుందాం. తల, తోక, పేగులు తీసేస్తే మిగిలేది 600, 650 గ్రాములు. ముందుగా ఆవిరి మీద ఉడికించినప్పుడు నీరు పోయి ఇంకో ఐదోవంతు తగ్గుతుంది. చివరికి చేతికొచ్చేది 500 గ్రాములు. 185 గ్రాముల డబ్బాలో నూనె తీసేస్తే చేప 130 గ్రాముల దాకా ఉంటుంది. కిలో కానాగంత నాలుగు డబ్బాలకి మించి రాదు. అంటే ఒక్కో డబ్బాలో చేప 50 రూపాయలది. మిగతాదంతా రేకు, నూనె, ఇంధనం, కూలీ, రవాణా, అంగడి లాభం, పన్ను. నిల్వ చేసిన చేప మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు దాకా 12 శాతం, ఆ తర్వాత 5 శాతం. ఇంకో తిరకాసు ఉంది. ఫ్యాక్టరీ పారేసే తలకాయని మనం పులుసులో ముందు వెతుక్కుంటాం. వాళ్ళకి తరుగు, మనకి వాటా.

మరి న్యూజెర్సీలో డాలరుకి ఎలా ఇస్తున్నారు? అది సముద్రంలోనే మొదలవుతుంది. ఆ డబ్బాలో ఉండేది ఎక్కువగా స్కిప్‌జాక్ అనే చిన్న సూర. పసిఫిక్‌లో పెద్ద పెద్ద మందలుగా తిరిగే ఈ చేపని చుట్టువలతో ఒక్కసారే టన్నుల కొద్దీ పట్టి, ఓడలోనే గడ్డకట్టిస్తారు. బ్యాంకాక్ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకి అది చేరే రేటు ఇటీవలి ఏళ్ళలో టన్నుకి 1,300 నుంచి 2,000 డాలర్ల మధ్య ఊగుతోంది. డబ్బా ట్యూనా ఎగుమతిలో థాయ్‌లాండ్‌ది మొదటి స్థానం. రేకు, నూనె, ఓడ కిరాయి అన్నీ అంత పెద్ద లెక్కలో బేరమాడితే చవగ్గా వస్తాయి. రుచి కోసం వెతికే చేప వేరే ఉంది. 2019 జనవరిలో టోక్యో టొయొసు మార్కెట్లో 278 కిలోల బ్లూఫిన్ ట్యూనా ఒక్కటి 33 కోట్ల యెన్లు దాటి పలికింది. అటువంటి చేప డబ్బాలోకి వెళ్ళదు. డబ్బాలోకి వెళ్ళేది తాజా అంగట్లో మంచి ధర పలకని చేప. మలేసియాలో టొమాటో సాస్‌లో ఉన్న సార్డీన్ డబ్బా ఇంటింటి సరుకు కావడానికీ ఇదే కారణం. తోటల పనికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డ మన తెలుగువాళ్ళకీ ఆ డబ్బా కూర కొత్త కాదు.

మన తీరంలో డబ్బాల పరిశ్రమ నిలదొక్కుకోలేదు. ప్రయత్నాలు జరగక కాదు. లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీ 1969 నుంచి ఉంది. కేరళలో 1960లలో డబ్బా రొయ్యలు బాగానే ఎగుమతి అయ్యాయి. రేకు ఖరీదు ఒకవైపు, గడ్డకట్టించే యంత్రాలు ఇంకోవైపు నొక్కేసరికి ఆ పరిశ్రమ చితికింది. ఈనాడు విశాఖ రేవు నుంచి అమెరికాకి వెళ్ళే రొయ్య గడ్డకట్టే వెళ్తోంది. పైగా డబ్బా ఫ్యాక్టరీకి ఏడాది పొడుగునా ఒకే సైజు చేప అందుతూ ఉండాలి. నూనె కవ్వలు 2012లో కేరళ తీరంలో సుమారు 3.9 లక్షల టన్నులు పడ్డాయి, 2021లో 3,300 టన్నులు కూడా పడలేదు. అలాంటి చేపని నమ్ముకుని బాయిలర్ ఎవరు పెడతారు?

డబ్బా మంచి చేపని పాడవకుండా ఆపుతుంది గాని, పాడైన చేపని బాగుచేయలేదు. కానాగంత, సూర, కవ్వల కండలో హిస్టిడిన్ ఎక్కువ. ఎండలో వదిలేస్తే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. తిన్నవాళ్ళకి మొహం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. బ్యాక్టీరియా 121 డిగ్రీల్లో చస్తుంది గాని, అప్పటికే తయారైన హిస్టమిన్ ఆ వేడికి చెక్కుచెదరదు. కాబట్టి డబ్బా ఫ్యాక్టరీ కూడా బోటు దగ్గర్నుంచి మంచు ఖర్చు పెట్టుకోవాల్సిందే. మంచు దండగ అని డబ్బాకి వెళ్ళినవాడు మంచు, రేకు రెండింటికీ డబ్బు కడతాడు.

నిల్వ అంటేనే ఖరీదు అనుకోనక్కర్లేదు. ఎండు నెత్తళ్ళు చూడండి. ఉప్పు, ఎండ కలిసి నీటిని లాగేస్తే బ్యాక్టీరియాకి తాగడానికి నీళ్ళుండవు. నాలుగు కిలోల పచ్చి నెత్తళ్ళు కిలో ఎండుగా మారతాయి. ఎండకి బిల్లు రాదు. కాకపోతే ఇసక మీద కాకుండా చాపల మీద, ఈగలు వాలకుండా ఎండబెడితే బాగుంటుంది. రేవుల్లో అన్నిచోట్లా అంత శ్రద్ధ కనపడదు.

డబ్బాకి నిజంగా అవకాశం రావాల్సింది వేటనిషేధం రోజుల్లో. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు కదలకూడదు. తెప్పలు తెచ్చే కొద్ది సరుకుకి రేటు కొండెక్కుతుంది. అప్పుడైనా కూర్మన్నపాలెం వాళ్ళు డబ్బా వైపు చూడరు. ఆకివీడు, కైకలూరు చెరువుల నుంచి బొచ్చె, శీలావతి లారీల్లో మంచు కప్పుకుని దిగుతాయి. సముద్రపు చేప లేని లోటుని కొల్లేరు తీరుస్తుంది. సూపర్ మార్కెట్లో డబ్బా నెలల తరబడి అరలోనే ఉంటుంది. అలా నిలిచే సరుకు మీద అంగడివాళ్ళు లాభం ఎక్కువ వేసుకుంటారు, రేటు ఇంకా పెరుగుతుంది, కొనేవాళ్ళు ఇంకా తగ్గుతారు.

ఈ ముడిని విప్పడానికి ఒక దారి వెతికింది కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ. విశాఖలోనూ దీనికి పరిశోధన కేంద్రం ఉంది. రేకు బదులు అల్యూమినియం పొర ఉన్న మెత్తటి పొట్లంలో చేపల కూర నింపి, రిటార్ట్‌లో పెట్టే పద్ధతిని వీళ్ళు మన కూరలకి సరిపోయేలా తీర్చిదిద్దారు. పొట్లం పలచన గనక వేడి నట్టనడుమకి త్వరగా చేరుతుంది. ఇంధనం తగ్గుతుంది, ముక్క కూడా మరీ చితికిపోదు. ఖాళీ డబ్బాకంటే ఖాళీ పొట్లం చాలా తేలిక, గోడౌన్లో చోటు పట్టదు. ఫ్రిజ్ లేకుండా ఏడాది దాకా నిలుస్తుంది, వేడినీళ్ళలో ముంచి కత్తిరించి అన్నంలో పోసుకోవడమే. ఇవి ఇప్పటికే అంగళ్ళలో ఉన్నాయి. కొనేది ఎక్కువగా దూరప్రయాణాల వాళ్ళు, హాస్టల్ పిల్లలు, విదేశాలకి పెట్టె సర్దుకునేవాళ్ళు. కూర్మన్నపాలెంలో ఇంటి వంటకి బేసిన్‌తో పోటీపడే రేటుకి అవి ఇంకా దిగలేదు.